తుపాను ముక్క

కొండయ్య తొడ కింద ముక్క దొరికింది.

ఎదురుగా కూర్చున్న బెంగాలీ కాలేజీ అమ్మాయి చూసింది. "దాదూ, అదేంటి?" అంటూ వంగి లాగింది. తుపాను ముక్క. ఆట మొత్తంలో దాన్ని మించిన ముక్క లేదు.

మధుబాబుకు చెవులు వేడెక్కాయి.

ఆట అతనిది. పేరు 'ఏడు రేవులు'. సరుకు పడవను హుగ్లీ మీద ఏడు రేవులు దాటించినవాడు గెలుస్తాడు. దానికోసం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి, న్యూ టౌన్‌లో ఆటల పెట్టెలు తయారుచేసే ఈ చిన్న కంపెనీలో చేరాడు. రెండేళ్లు పట్టింది. ఈ శనివారం బయటివాళ్లతో ఆడించి చూసే పరీక్ష సాఫీగా సాగితే సోమవారం అచ్చుకు పంపుతానంది యజమాని ప్రణతి. సాగకపోతే పెట్టె అటక మీదికి.

పరీక్షకు ఆట తెలియనివాళ్లు కావాలి. లిలువా రైల్వే క్వార్టర్ల దగ్గర అరుగు మీద పేకాడుతున్న కొండయ్యను మధుబాబే పట్టుకొచ్చాడు. తెలుగు మాట చెవిన పడేసరికి ప్రాణం లేచొచ్చి, మొదటిరోజే "తాతా" అన్నాడు.

నాలుగు శనివారాలుగా ముసలాయన లోకల్ రైలెక్కి, బస్సు మారి వస్తున్నాడు. రాగానే ఆట పెట్టెను వేలి కణుపుతో టక్కుటక్కుమని కొట్టి, చెవి వాల్చి వినేవాడు. ఆడటానికి వచ్చిన కాలేజీ పిల్లలు నవ్వేవారు.

"ఏంటి తాతా, లోపల ఎవరైనా ఉన్నారా?" అనేవాడు మధుబాబు.

"ఉంటే పలకడేటి?" అనేవాడు ముసలాయన.

ఇప్పుడు ప్రణతి మధుబాబు వైపు తిరిగింది.

"మీ ఊరాయనేనా, మధూ?"

"మా ఊరు కాదు. భాష ఒకటే. అంతే."

ఆ మాట బెంగాలీలో అన్నాడు. నలభై ఏళ్లు ఇక్కడ బతికిన ముసలాయనకు అది బాగానే అర్థమైంది. తలెత్తి చూశాడు.

"బాబూ, ఒక్కపాలి నా మాట ఇను. ఇయాలే కాదు, నాలుగు వారాల నుండి..."

"నాలుగు వారాలుగా దొంగాటా?"

"అదే సెప్తన్నాను. ఎవులూ సూడనేదు. నీ ఆటలో..."

"మీరు లేవండి."

తాత పోయి, మీరు వచ్చింది. ముసలాయన లేచాడు.

"నమ్మి తెచ్చుకున్నాను మిమ్మల్ని. దొంగతనానికి నా బల్లే దొరికిందా?"

"గెలిసి నానేటి సేసుకుంతాను బాబూ?"

మధుబాబు తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టారు. ఆట సాఫీగా సాగింది. సోమవారం అచ్చుకు వెళ్లింది.

మోసపోయానని కనపడ్డవాళ్లందరితోనూ చెప్పుకున్నాడు మధుబాబు. సొంతమనిషని చేరదీస్తే ఇంతేనన్నాడు. చెప్పిన ప్రతిసారీ ముసలాయన ఇంకాస్త పెద్ద దొంగయ్యాడు.

రెండుసార్లు కొండయ్య గేటు దగ్గరికి వచ్చాడని కాపలావాడు కబురు తెచ్చాడు.

మొదటిసారి "రానివ్వకు" అన్నాడు మధుబాబు.

రెండోసారి "ఈసారి వస్తే నాకు చెప్పను కూడా చెప్పకు" అన్నాడు.

రెండువేల పెట్టెలు బజారుకెక్కాయి. పదో రోజున ఎవరో కుర్రాడు వీడియో పెట్టాడు. తుపాను ముక్కను తొడ కింద దాచి, వరసగా ఆరు ఆటలు గెలిచి చూపించాడు.

"చేతిలో ఎన్ని ముక్కలుండాలో ఈ నియమాల పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఎన్ని దాచినా పట్టుకునే దారే లేదు!" అని పగలబడి నవ్వాడు.

నిజమే. ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది.

దుకాణాలు పెట్టెలు వెనక్కి పంపాయి. గదిలో అవి పైకప్పు దాకా పేరుకున్నాయి. వాటి మధ్య నిలబడి ప్రణతి అడిగింది:

"పరీక్షలో ఎవరూ చెప్పలేదా, మధూ?"



ఆదివారం మధుబాబు లిలువా వెళ్లాడు. కొండయ్య కూతురు పుష్పరాణి తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు. ఆమె వెనక, మంచం మీద, ముసలాయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"తాతా..."

వీపు కదల్లేదు.

"ఆ పిలుపు ఒగ్గీ బాబూ," అంది పుష్పరాణి.

గూట్లోంచి కాగితం పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. విప్పాడు. మూడు ముక్కలు. మొదటి మూడు శనివారాలూ ముసలాయన దాచి, ఎవరికీ పట్టుబడకుండా ఇంటికి తెచ్చినవి. పరీక్ష పెట్టెలో అవి లేవన్న సంగతి ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"గేటుకాడికి రెండుపాళ్లు తెచ్చింది ఇయ్యే," అంది.

"మొదటి వారమే చెప్పి ఉంటే..."

"నానూ అదే అడిగినాను. ఒక్క దెబ్బకి తెలీదంట. నాలుగు దెబ్బలేసి ఇనాలంట. నాలుగోది ఏసినాడు, నువ్వు గెంటీసినావు."

మధుబాబుకు ఆ మాట అర్థం కాలేదు. "దెబ్బలేంటమ్మా?"

పుష్పరాణి అతన్ని ఎగాదిగా చూసింది.

"నాలుగు వారాలు తిప్పుకున్నావు, మా నాన్న ఏ పని సేసినాడో అడగనేదేటి?"

అడగలేదు.

"రైలు సక్రాలు సుత్తితో కొట్టి, సప్పుడు ఇని, పగులున్నాదో నేదో సెప్పడం... ముప్పై నాలుగేళ్లు అదే పని. మా నాన్న సెయ్యెత్తితే పెద్దాఫీసరు కూడా బండి ఆపీసీవోడు బాబూ, నువ్వే ఆపనేదు."