పెద్దకర్మకు వచ్చినవాడు

పురుగుమందుల కంపెనీకి మార్కెటింగ్ హెడ్‌గా ఉన్నన్నాళ్ళూ, డిగ్రీ పూర్తిచేసి కొత్తగా చేరిన కుర్రాళ్ళకు చలపతిరావు చెప్పింది ఒకటే. "డీలరింట్లో పెద్దకర్మ మానొద్దు. చేతులు పట్టుకోండి. మందుల మాటెత్తొద్దు. తిని రండి."

గుడివాడలో ఆయన భార్య పెద్దకర్మకు ఆ డీలర్లలో ఒక్కడూ రాలేదు. రిటైరైనవాడితో వాళ్ళకేం పని?

మధ్యాహ్నం, ఆయన పాత కంపెనీ బ్యాగుతో ఓ కుర్రాడు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మగారు పోవడం మా కంపెనీకే తీరని లోటండీ."

"కూర్చో బాబూ."

"షాపు ఎల్లుండి తీస్తారాండీ?"

చలపతిరావుకు అర్థమైంది. వీధి చివర డీలరింట్లోనూ ఇవాళే ఆయన భార్య పెద్దకర్మ. కుర్రాడు ఇల్లు పొరబడ్డాడు.

"ముందు భోంచెయ్యి," అని పంక్తిలో కూర్చోబెట్టాడు. లోపలికి కేకేశాడు.

"గారెలు తీసుకురండర్రా. మావాడొచ్చాడు."