ఎదురు దుకాణం

చెన్నకేశవరావు ఎవరినీ నమ్మడు. సింధనూరు అంగళ్ళను అసలే నమ్మడు. అందుకే తన ఊరు గోరేబాళలో బస్సెక్కి, పక్కనే ఉన్న సింధనూరును దాటేసి, మోటారు కొనడానికి రాయచూరు దాకా వచ్చాడు.

వరి పొట్ట మీద ఉంది. కాలవ కట్టేశారు. వాగులో నీళ్ళున్నాయి గానీ, తోడాల్సిన డీజిల్ ఇంజను మూలన పడింది. ఇవాళ పనికిమాలిన సరుకు కొన్నాడంటే, చేతికొచ్చేది గడ్డే. ఆ బెంగతో రావుకు సరిగ్గా నిద్ర లేదు.

పాత ఇంజను కొన్నది రామచంద్రయ్య దుకాణంలో. దానికి సరిగ్గా ఎదురుగా ఇప్పుడు సోలార్ పంపుల దుకాణం వెలిసింది. రావు రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూశాడు.

“రాండ్రి రావు సాబ్! గా దిక్కు ఏం చూస్తున్నరు? కూసోండ్రి, చాయ్ తాగుండ్రి” అన్నాడు రామచంద్రయ్య.

రావు కూర్చున్నాడు. ఇంజన్ల మీద వేలెడు దుమ్ము. ఒక్క గిరాకీ లేడు. అయినా మనిషి ముఖంలో దిగులు లేదు. ఇందులో ఏదో ఉంది అనుకున్నాడు రావు.

“ఆ సోలార్ ఎలా ఉంటుందండీ శెట్టిగారూ?”

“దాని పేరెత్తకుండ్రి! మబ్బు పడితే పండుకుంటది. దుమ్ము పడితే పండుకుంటది. కోతి ఎక్కిందంటే ఖతం. గాళ్ళ మాటలు నమ్మి మునుగుతరా ఏంది?”

అంటూనే ఎదురు దుకాణం వైపు దొంగచూపు చూశాడు. రావు అది కనిపెట్టాడు.

రావుకు ఒక లెక్క ఉంది. వర్తకుడు పనిగట్టుకుని ఏ సరుకును తిడితే, ఆ సరుకులో విషయం ఉన్నట్టే. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ సేద్యం మొదలెట్టిన నాటి నుంచీ ఎరువులైనా విత్తనాలైనా ఆ లెక్కనే కొంటాడు. తెలిసిన రైతులందరికీ అదే నూరిపోశాడు.

“ఆలోచించుకుని వస్తానండీ” అని లేచి, తిన్నగా రోడ్డు దాటాడు.

సోలార్ దుకాణంలో శ్రుతి అనే అమ్మాయి నవ్వుతూ లేచి నిలబడింది.

“ఆ శెట్టిగారు మీ సరుకును తెగ తిడుతున్నాడమ్మా.”

“రోజూ తిడతడండీ. ఎవరొచ్చినా గిట్లనే చెప్తడు” అంది శ్రుతి తల దించుకుని.

పాపం, ఎంత బాధపడుతోందో అనుకున్నాడు రావు. అనుమానాలన్నీ వదిలిపోయాయి. ఎప్పుడూ గీచి గీచి బేరమాడే మనిషి, చెప్పిన ధరకే పంపు రాయించుకున్నాడు. రేపే బిగిస్తామన్నారు. ఇక పంట గట్టెక్కినట్టే. రామచంద్రయ్యకు బాగా బుద్ధి చెప్పానన్న సంతోషంతో బస్సెక్కాడు.

పొద్దుగూకాక రామచంద్రయ్య తన దుకాణానికి తాళం వేసి, రోడ్డు దాటి, సోలార్ దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చుని శ్రుతిని అడిగాడు: “కోడలు పిల్లా, ఇయ్యాల నేను తిట్టి తోలినోళ్ళల్ల ఎంతమంది కొన్నరు?”