ఒక్క అక్షరం

ఇందును చంపిన వైరస్‌కు శ్రావణి మళ్లీ ప్రాణం పోసింది.

ఇందు ఆమె కూతురే. సోంపేట దగ్గర పల్లెలో నాయనమ్మ తవిటమ్మ చేతిలో పెరిగింది. శ్రావణి విశాఖలో వైరస్‌ల ల్యాబులో పనిచేసేది. సెలవు దొరికితే వచ్చి వెళ్లేది. ఆ ఏడు ఊళ్లో జ్వరాలు. తవిటమ్మకు వచ్చి తగ్గింది. శ్రావణి సెలవుకు వచ్చి ఉండగానే ఇందుకూ పట్టుకుంది. తగ్గలేదు.

పలాస ఆసుపత్రి నుంచి పిల్ల శవాన్ని ఇంటికి తెచ్చిన రోజున, జ్వరంతో ఉండి ముద్దలు కలిపి పెట్టి నువ్వే చంపేశావని శ్రావణి అందరి ముందూ అత్తను అనేసింది.

ఆ మాట ఊరు పట్టుకుంది. శ్రావణి భర్త గౌరీశంకర్ తల్లిని జీడితోటలోని పాకలో పెట్టాడు. పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. ఆమె చేతి నీళ్లు ఎవరూ తాగరు. తవిటమ్మ ఒక్క మాటా ఎదురు చెప్పలేదు.

శ్రావణికి మాత్రం రుజువు కావాల్సి వచ్చింది. అప్పట్లో ఇంటిల్లిపాది గొంతుల్లోంచి తీసిన నమూనాలు తుఫానుకు కరెంటు పోయి పాడైపోయాయి. వాటిలోని వైరస్‌ల జన్యు అక్షరాలు మాత్రం కంప్యూటర్‌లో మిగిలాయి. ఆ అక్షరాల ప్రకారం జన్యువును కొత్తగా తయారుచేసి, ల్యాబులో పెంచిన కణాల్లోకి పంపితే, ఆ కణాలే వైరస్‌ను పుట్టిస్తాయి. ఇది కన్నకూతురి చావు సంగతి, ఈ పని ఇంకెవరికైనా అప్పగించమన్నారు పై అధికారి జగదీశ్వరరావు. ఆమె వినలేదు.

మొదట తవిటమ్మ వైరస్‌ను లేపింది. కణాలు కాస్త వాడి, తేరుకున్నాయి. తర్వాత ఇందుది. మర్నాటికి ఒక్క కణమూ బతికి లేదు. మైక్రోస్కోపులో చూస్తుంటే పిల్ల ఆయాసం వినిపించింది శ్రావణికి. ఆ చప్పుడు ఆమె వెంట ఇంటికి కూడా వచ్చింది. కణాలు పెంచే పెట్టె తలుపు తీస్తే చేతికి తగిలే వెచ్చదనం ఇందు నుదుటిదే అనిపించేది. తీసిన తలుపు వెయ్యడానికి మనసు వచ్చేది కాదు.

రెండు వైరస్‌లకూ తేడా ఒకే ఒక్క అక్షరం. ఇందు వైరస్‌లో ఆ అక్షరం తీసేసి, తవిటమ్మది పెట్టి చూసింది. అది చంపడం మానేసింది.

చంపిన అక్షరం తవిటమ్మ దగ్గర లేనే లేదు.

మిగతా నమూనాల్లో వెతికింది. ఒకదాంట్లో దొరికింది; పెద్ద ఒళ్లు గనక దాన్ని తట్టుకుంది. ఆ నమూనా మీది పేరు మళ్లీ మళ్లీ చదివింది. మర్నాడే రైలెక్కింది.

తవిటమ్మ పాక ముందు జీడిపిక్కలు ఆరబోస్తోంది. కోడలిని చూసి చాప పరిచింది. చెంబుతో నీళ్లు తెచ్చి, అందించబోయి, అలవాటుగా చెయ్యి వెనక్కి తీసుకుంది. శ్రావణి చెంబు లాక్కుని గటగటా తాగేసింది.

“అది నీ జ్వరం కాదత్తా. ల్యాబులో తేలింది.”

తవిటమ్మ పిక్కలు సర్దుతూనే ఉంది.

“ఊరందరికీ నేనే చెప్తాను. ఎవరి నుంచి వచ్చిందో కూడా...”

తవిటమ్మ లేచి వచ్చి కోడలి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

“ఆయేడు సెలవుకొచ్చి గుంటని ఎత్తుకున్నప్పుడే నీ ఒళ్లు ఎచ్చగున్నాదని నాకెరికేనమ్మా, ఊరికి అది నా జొరంగానే ఉండనీ.”