రాణిగారి వాసన

చీమల జాతికి కంటికి కనబడిన దాని మీదకన్నా వాసన మీదే నమ్మకం ఎక్కువ. ఓ పుట్టలో రాణిగారి వాసన రోజూ గుప్పుమని వస్తుండేది. వాసన ఉందంటే రాణిగారు చల్లగా ఉన్నట్టేనని చీమలన్నీ నోరెత్తకుండా గింజలు మోసేవి.

ఒకరోజు గోడకు మట్టి మెత్తడానికి వెళ్లిన గవరమ్మ అనే చీమ, బీటలోంచి రాణిగారి గదిలోకి తొంగిచూసింది. లోపల రాణిగారి ఎండిపోయిన పెంకు తప్ప ఏమీ మిగల్లేదు. దాని పక్కన మంత్రిచీమ పెట్టించిన యంత్రమొకటి బుస్సుబుస్సుమని రాణిగారి వాసన చిమ్ముతోంది.

"రాణిగారు ఎప్పుడో పోయారర్రా! మంత్రిగారు మనల్ని మోసం చేస్తున్నారు!" అని గవరమ్మ పుట్టంతా టాంటాం వేసింది.

మంత్రిచీమ కోప్పడలేదు. యంత్రం మీట మార్చి, గవరమ్మ మీద కాస్త శవం వాసన చల్లించింది.

మరుక్షణం శవాలు మోసే చీమలు నాలుగొచ్చి గవరమ్మను ఎత్తుకున్నాయి. ముందు పట్టింది దాని సొంత అక్కే.

"అక్కా, నేను బతికే ఉన్నానే! నీతో మాట్లాడుతున్నానే!" అని గవరమ్మ గింజుకుంది.

అక్క కళ్లు తుడుచుకుంది. "ఏం నోరమ్మా దీనిది! పోయాక కూడా ఊరుకోదు" అంటూ చెత్తకుప్ప దారి పట్టింది.