మూగక్కకు ఫోన్

తారగారి రవ్వల హారం కాజేయడానికి మెరుగువాడికి కత్తి అక్కర్లేదు, కన్నం అక్కర్లేదు. పెళ్ళాం గొంతుంటే చాలు.

నగల దుకాణంలో మెరుగు పెట్టడం అతని పని. ఊళ్ళోవాళ్ళ నగలన్నీ తళతళలాడించి, తను మాత్రం ఉత్త చేతులతో ఇంటికి పోయేవాడు. భార్యది మిమిక్రీ. తారగారి సినిమా గొంతు దించిందంటే హాలంతా ఈలలే.

తారగారు మొదట్లో నాటకాల మనిషి. అప్పట్లో ఆవిడ నోరు విప్పితే రంపంతో కొయ్య కోసినట్టుండేదని ఓ ముసలి మేకప్‌మ్యాన్ దుకాణంలో కూర్చుని వాగేవాడు. ‘కుళ్ళుబోతు’ అనుకున్నాడు మెరుగువాడు. సినిమాల్లోకి రాగానే ఆ గొంతులో తేనె ఊరింది, జనం వెర్రెత్తిపోయారు. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ స్టేజీ ఎక్కితే ఒట్టు. సన్మానం చేసినా రెండు చేతులూ జోడించి, ఓ చిరునవ్వు పారేసి కూర్చుంటుంది. ఎంత అణకువో అని పత్రికలు మురిసిపోయాయి.

ఇప్పుడావిడ పొరుగూరి షూటింగులో ఉంది. ఇంట్లో ఉన్నది అక్కగారొక్కతే. పాపం, ఆవిడ మూగది. వీధి వీధంతా మూగక్క అనే అంటారు. చెవులు మాత్రం పాము చెవులు. చెల్లెలు ఫోన్లో ఏ పని చెప్పినా విని, సరేనన్నట్టు రిసీవర్ మీద గోటితో కొడుతుందని తోటమాలి చెప్పాడు.

“ఎదురు ప్రశ్న వెయ్యలేని కాపలా! ఇంతకన్నా ఏం కావాలే మనకి?”

“దొరికిపోతేనో?” అంది భార్య.

“మూగది ఎవరికి చెబుతుందే, పిచ్చిదానా!”

భార్య ఫోన్ తీసింది. “అక్కా, నేనే. మెరుగు పెట్టే అతను వస్తున్నాడు. నా రవ్వల హారం ఇచ్చి పంపించు.” తేనె కారిపోయింది.

అవతల గోరు టక్కుమంది.

మూగక్క తలుపు తీసి, అతన్ని ఎగాదిగా చూసి, కూర్చోమని సోఫా చూపించింది. కాఫీ ఇచ్చి లోపలికి పోయి ఎంతకీ రాలేదు. పెద్దావిడ, తాళాలతో తంటాలు పడుతోంది కాబోలని అతనికి జాలి కూడా కలిగింది. గోడ మీది ఫోటోలో తారగారి మెడకేసి చూస్తూ మనసులో మేడ కట్టేశాడు.

చివరికి పెట్టె వచ్చి అతని చేతిలో పడింది. దాని వెనకే ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు.

“నేనేం చేశానండీ? తారగారే స్వయంగా ఫోన్ చేసి ఇమ్మన్నారు!”

“నోర్ముయ్! ఇంట్లో దొంగ కూర్చున్నాడని మాకు ఫోన్ చేసింది తారగారే. ఆ గొంతు నేనెరగనా?”

“నేను మాత్రం ఎరగనా సార్? మూగావిడ, పాపం ఆవిడేం చెబుతుంది? తారగారు వచ్చాక అడగండి. పని అయ్యాక నేనే తెచ్చిస్తాను.”

ఇన్‌స్పెక్టర్ బుర్ర గోక్కున్నాడు. ఒకే గొంతు దొంగని పంపిందట, ఆ గొంతే పోలీసుల్నీ పిలిచిందట! పెద్దవాళ్ళ వ్యవహారం, మనకెందుకని సంకెళ్ళు మళ్ళీ జేబులో పెట్టుకోబోయాడు. మెరుగువాడు పెట్టె చంకన పెట్టుకుని గడప దాకా నడిచాడు.

మూగక్క దారికి అడ్డంగా నిలబడింది. ఇంక తప్పదన్నట్టు నిట్టూర్చి, గొంతు సవరించుకుంది. గదినిండా తేనె ఒలికింది.

“దాని సినిమాలన్నిటికీ గొంతు నాదే, నాయనా! నాకు నేనే ఫోన్ చేసుకుని ‘అక్కా’ అని పిలుచుకుంటే అనుమానం రాదూ?”