వెనిస్ చూసిన రోజు

“ఎక్కన్నా, ఏం గాదు. మోకాలు లోతు నీళ్ళే,” అంటూ నర్సింగ్ పడవలోంచి చెయ్యి చాచాడు.

హన్మాండ్లు గట్టునే నిలబడ్డాడు. అతని అనుమానం పడవ మీద కాదు, నర్సింగ్ మీద.

దోహాలోని ఆ మాల్‌ను ఇటలీలోని వెనిస్ పట్నంలా కట్టారు. లోపలే కాలువ, దాని మీద వంతెనలు, అటూ ఇటూ పాతకాలపు మేడలు, పైకప్పు నిండా రంగుల ఆకాశం. ప్రపంచకప్పు స్టేడియం పనికి వచ్చిన నాటి నుంచి హన్మాండ్లు సైటూ క్యాంపూ తప్ప ఏదీ ఎరగడు. నర్సింగ్‌ది అదే ఊరు, అదే గది. అయినా ఏనాడూ చాయ్ కూడా తాగించినవాడు కాదు. అలాంటిది వారపు సెలవైన శుక్రవారం కూడా కాని రోజున ఇద్దరికీ చుట్టీ అడిగి, టాక్సీలో ఇక్కడికి తీసుకొచ్చాడు.

“నిజం చెప్పు తమ్మీ. ఊర్ల నా చెల్క భూమి మీద కన్ను వడ్డదా?”

“నీకన్నీ అనుమానాలే అన్నా. వెనిస్ చూపిస్తా అంటే చెల్క అంటవ్.”

ఓ చుట్టు తిరిగి ఇద్దరూ పడవ దిగగానే నర్సింగ్ ఫోన్ మోగింది. స్తంభం చాటుకు వెళ్ళి గొంతు తగ్గించాడు. “అభీ ఇధర్ హీ హై సాబ్. శామ్ తక్ నహీ ఆయేంగే,” అని, సాయంత్రం దాకా రామన్న ముక్క మాత్రం హన్మాండ్లు చెవిన పడింది.

“ఎవలు?”

“మా బామ్మర్ది.”

“బామ్మర్దిని సాబ్ అంటవా?”

నర్సింగ్ ముందుకు నడిచాడు.

హన్మాండ్లుకు ఇంకో భయం పట్టుకుంది. ఇంటి దగ్గర ఎవరైనా పోతే, టికెట్ చేతికొచ్చేదాకా మనిషికి చెప్పకుండా ఇలాగే తిప్పుతారు. పక్క గదిలోని ఆర్మూర్ ఊరి మనిషికి చావు కబురు బిర్యానీ తినిపించి మరీ చెప్పారు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

“ఈ యాళ్ళప్పుడు చేసినవేంది?” అంది భార్య గంగాబాయి.

“అందరు మంచిగున్నరా? పోరగాండ్లు? అవ్వ?”

“మంచిగనే ఉన్నం. ఆడ నీకే ఏమన్న అయ్యిందా ఏంది?”

పోయిన ప్రాణం లేచొచ్చింది. పాపం, మంచిమనసుతో తీసుకొచ్చినవాణ్ణి పొద్దుటి నుంచీ దొంగను చూసినట్టు చూశానే అని హన్మాండ్లు నొచ్చుకున్నాడు. వంతెన మీద నిలబడి నవ్వుతూ ఫోటో దిగాడు.

కాలువ పక్కన ఇటలీ హోటల్లో పిజ్జా తెప్పించాడు నర్సింగ్. గాజు గ్లాసులో చల్లటి నీళ్ళు పెట్టారు. హన్మాండ్లు గటగటా తాగేశాడు.

“గిసొంటి నీళ్ళు క్యాంపుల ఇస్తే మనతోని పనిజేసే లస్మయ్య దవఖానల పడకపోతుండె. ఆ ఉప్పునీళ్ళకే కిడ్నీలు ఖరాబైనయ్. గీ మాట క్యాంప్ బాస్ మొఖం మీదనే అన్న నేను.”

“తెలుసు తియ్. తిను ముందుగాల,” అంటూ నర్సింగ్ ఇంకో ముక్క అతని ప్లేటులో వేశాడు.

“మరి నువ్వు?”

“నాకు ఆకలైతలేదన్నా.”

సాయంత్రం క్యాంప్ ముందు టాక్సీ దిగేసరికి, నలుగురు మనుషులు కొత్త వాటర్ కూలర్‌ను ఎత్తి పికప్ బండిలోకి ఎక్కిస్తున్నారు. మంచినీళ్ళ సీసాల పెట్టెలు అప్పటికే బండిలో ఉన్నాయి. నర్సింగ్ గబగబా గదివైపు వెళ్ళిపోయాడు.

హన్మాండ్లు గేటు దగ్గరే ఆగాడు. కడప నుంచి వచ్చిన తిరుపాలు అక్కడ వాచ్‌మన్.

“ఏంది తిరుపాలూ, కూలర్ ఎప్పుడొచ్చింది? ఎటు తీస్కవోతున్నరు?”

“పొద్దున తెచ్చినారు, పని అయిపాయ, తీసకపోతాండారు. క్యాంపు ఎట్లుందో చూసేదానికి బయటి దేశం సార్లు వచ్చింటిరి గదన్నా.”

“ఏమడిగిండ్రు?”

“ఎవర్నీ ఏమీ అడగలా. ముందు ఆస్పత్రిలో లస్మయ్యను కలిసినారంట. ఆయప్ప చెప్పిన మనిషితోనే మాట్లాడాలని చానాసేపు కూచున్నారు. ఆ మనిషి సాయంత్రం దాకా దొరకడని మన బాసు చెప్పి పంపిచ్చినాడు.”

“ఎవలతోని మాట్లాడాల్నట?”

తిరుపాలు అతనివైపు వింతగా చూశాడు.

“నీతోనే అన్నా.”