వదినకు నప్పేవి

"నీ బట్టలకా?" భర్త పెన్నుకి మూత పెట్టేశాడు. "ఉన్నవి చాలవూ?"

నెల ఖర్చులు రాసుకునే రోజది. కరెంటుకి, పిల్లల ఫీజులకి, స్కూటరు టైరుకి, ఆఖరికి తొట్టెలో చేపల మేతకి కూడా కాగితం మీద చోటు దొరికింది. తను ఒక్క గౌను కొనుక్కుంటానని ఆమె అనేసరికి మాత్రం కాగితం నిండిపోయింది.

"పెళ్ళయ్యాక నాకు నచ్చింది నేను ఏరి కొనుక్కున్నది ఒక్కటుందాండీ? ఈ ఒక్కసారికి..."

"ఇద్దరు పిల్లల తల్లివి. ఇప్పుడేం షోకులే నీకు? పిల్లల నోటి దగ్గరిది లాక్కుని ముస్తాబవుతావా?"

పిల్లల పేరెత్తితే ఆమె నోరు పడిపోతుందని అతనికి తెలుసు. ఆ మంత్రం ఎప్పుడూ పారేది. ఆ రోజూ పారింది.

"అన్నట్టు, రేపు అక్క బట్టల షాపుకి వెళ్తుందట. నిన్ను తోడు రమ్మంది."

అక్క అంటే అతనికి దేవతే. ఆవిడకి మూడు మందుల షాపులున్నాయి. ఒకదానికి ఇతను మేనేజరు. ఇంట్లో ఏ ఖర్చు ఉండాలో, ఏది ఉండకూడదో చెప్పేదీ ఆవిడే. "దానికి బట్టల ఖర్చెందుకురా, దండగ!" అని పెళ్ళయిన ఏడాదే తమ్ముడి చెవిలో ఊదింది ఆ వదినే.

మర్నాడు బట్టల షాపు గుమ్మంలోనే వదిన తన చేతిసంచి ఆమె భుజానికి తగిలించింది.

"పద పద, నిచ్చెనా! అలా తలుపుకి అడ్డంగా నిలబడకు."

వదిన పొట్టి, బొద్దు. మరదలు పొడుగు, బక్కపలచన. అందుకే ఆ పేరు. పేరు పెట్టిందీ వదినే.

సేల్స్ అమ్మాయి రెండు కుర్చీలు లాగింది.

"ఒకటి చాల్లే. ఇది నా తమ్ముడి పెళ్ళాం, సంచుల మోతకొచ్చింది," అంది వదిన.

ఆ పిల్ల నవ్వింది. మరదలూ నవ్వింది. ఆ నవ్వు వెనక పళ్ళు కొరుక్కుంటున్న చప్పుడు ఎవరికీ వినబడలేదు. 'ఇవాళ నిన్ను వదిలితే ఒట్టు,' అనుకుంది.

వదిన చెయ్యి ఓ నల్లటి వదులు చొక్కా మీద పడింది. నిజం చెప్పాలంటే అది ఆవిడకి చక్కగా కుదిరేది.

"అరె, అచ్చం ఇలాంటిదే మా మెట్లు కడిగే ఆవిడ దగ్గరుంది వదినా!"

చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చేసింది.

గోడకి ముదురు నీలం కోటు ఒకటి వేలాడుతోంది. నాజూగ్గా, పొడుగ్గా ఉంది. మరదలు దానివంక చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

"ఏంటే, ఏం చూస్తున్నావ్?"

"ఏం లేదు. ఆ కోటు... వద్దులెండి. దానికి కాస్త ఎత్తుండాలి."

"అంటే? నేను పొట్టిదాన్ననా?"

"అబ్బెబ్బే! నేనన్నానా?"

అంతే, కోటు కిందికి దిగింది. వదిన భుజాలెక్కి, చీలమండల దాకా జారింది. బొత్తాలూ కాజాలూ దూరం నుంచే పలకరించుకున్నాయి తప్ప కలుసుకోలేదు.

"తెరిచి వేసుకోవడమే కదమ్మా ఇప్పటి ఫ్యాషను?" మరదలు సేల్స్ అమ్మాయిని అడిగింది.

వచ్చిన బేరం వదులుకునే రకం కాదు ఆ పిల్ల. "సినిమావాళ్ళంతా ఇలాగే మేడమ్!"

తర్వాత సన్నటి గౌన్లు మూడు. నేలకి జీరాడే స్కర్టు ఒకటి. బూట్లు వేలెడు వదులయ్యాయి.

"సాయంత్రానికి కాళ్ళు వాస్తాయి వదినా. ఆ మాత్రం వదులుండాలి."

"నోట్లో నాలుక లేదనుకున్నా, ఫరవాలేదే! నీక్కూడా కాస్త తెలుసే!"

మరదలు మునగచెట్టు ఎక్కిస్తూనే ఉంది, వదిన ఎక్కుతూనే ఉంది. 'నా ఒక్క గౌనుకి పెన్ను మూత పెట్టించావు కదూ?' అనుకుంటూ ఇంకోటి తీయించింది. అద్దంలో గుడారం కట్టినట్టున్న వదినని చూసి, వెనకనున్న ఇద్దరు ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. పాపం అనిపించాలి. ఎంత వెతుక్కున్నా ఆమెకి అనిపించలేదు.

బిల్లు మూరెడు వచ్చింది. సంచులన్నీ పూలబుట్టల్లా మోసుకొచ్చి కారులో పెట్టింది మరదలు.

కారు కదలబోతుంటే వదిన మొహం ముడుచుకుంది.

"ఏమే, నిజంగా నప్పాయంటావా? అద్దంలో ఎందుకో తేడాగా ఉంది. తిరిగి ఇచ్చేద్దామా?"

మరదలు దిగడానికి సిద్ధమైనట్టు కారు తలుపు మీద చెయ్యి వేసింది.

"ఇచ్చేద్దాం వదినా, దానికేం! ఆ సేల్స్ పిల్ల అప్పుడే అంది నాతో, 'మీ మేడమ్ ఇంత పెట్టి కొంటారా, చూస్తారంతే' అని." ఆ పిల్ల అలాంటి మాటే అనలేదు.

"అంత మాటందా? డ్రైవర్, పోనీ!"

కారు రోడ్డెక్కింది. మరదలు సంచులన్నీ ఒళ్ళోకి లాక్కుంది.

"ఒకటి రెండుసార్లు వేసుకోండి వదినా, చాలు," అంది మెత్తగా.

వదిన ఒకటి రెండుసార్లు వేసుకుని, మొహం మొత్తి పక్కన పడేసిన ప్రతి బట్టా, పెళ్ళయిన నాటి నుంచీ, మూటల్లో వచ్చి చేరేది ఈ మరదలి బీరువాలోకే.